ఏమీ జరగని రోజు

“నిన్నటిదాకా పదకొండేళ్లు నా బీటులో ఏమీ జరగలేదయ్యా. ఆ సంగతి ఎవరికన్నా తెలుసా?”

1993 జనవరిలో ఒక కీమన్ నన్ను అడిగిన మాట ఇది. అప్పటికి నాకు ముప్ఫై నిండాయి, ఆయనకు యాభై దాటాయి. నేను ఇన్‌స్పెక్టర్ని, ఆయన నా కింద పనిచేసే మనిషి. నా దగ్గర జవాబు లేదు. రైల్వే ట్రాక్ విభాగంలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి 2022లో రిటైరయ్యాను. ఆ మాట విన్న తర్వాతి ఉద్యోగమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే గడిచిందని ఇప్పుడు అనిపిస్తోంది.

మా పని సంగతి కొంచెం చెప్పాలి. రైలెక్కేవాళ్లకు డ్రైవరు తెలుసు, గార్డు తెలుసు, టీసీ బాగా తెలుసు. పట్టాల పక్కన నారింజరంగు చొక్కాలేసుకుని, రైలొస్తుంటే పనిముట్లతో పక్కకు జరిగి నిలబడే మనుషుల్ని మీరు కిటికీలోంచి చూసే ఉంటారు. వాళ్లు గ్యాంగ్‌మన్లు. కాగితాల మీద ఇప్పుడు ట్రాక్ మెయింటెయినర్ అంటున్నారు కానీ ఊళ్లో ఇంకా గ్యాంగ్‌మనే. గ్యాంగుకు పెద్ద మేస్త్రీ. గ్యాంగుకొక కీమన్. పూర్వం పట్టాను స్లీపరుకు బిగించడానికి ‘కీ’ అనే ఇనుప చీలలు కొట్టేవారు. బండ్ల అదురుకు అవి వదులయ్యేవి. సుత్తితో వాటిని మళ్లీ బిగించుకుంటూ నడిచేవాడు కాబట్టి కీమన్. కాంక్రీటు స్లీపర్లు, స్ప్రింగు క్లిప్పులు వచ్చాక కీలు పోయాయి, పేరు మిగిలింది.

కీమన్ తెల్లవారగానే భుజాన సంచీ, చేతిలో సుత్తి, ఎర్రజెండాలు, డిటనేటర్లు తీసుకుని బయల్దేరతాడు. మా సెక్షనులో బీటు ఆరు కిలోమీటర్లు. అప్ లైను వెంట వెళ్లి డౌను లైను వెంట తిరిగి రావాలి. కిలోమీటరుకు 1,660 స్లీపర్లు, స్లీపరుకు నాలుగు క్లిప్పులు. ఆరు కిలోమీటర్లకు, ఒక్క లైనులోనే, దాదాపు 40 వేల క్లిప్పులు. వాటిలో ఏది వదులైనా ఆయన కంటికి తగలాలి, ఏ అతుకు తేడాగా పలికినా ఆయన చెవికి అందాలి.

పట్టా ఊరుకునే వస్తువు కాదు. ఎండకు సాగాలని చూస్తుంది, చలికి ముడుచుకోవాలని చూస్తుంది. కిలోమీటరు పట్టాను కట్టు లేకుండా వదిలేస్తే పది డిగ్రీల వేడికి పదకొండు సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. మేం వదలం. అతుకులేసి, క్లిప్పులు బిగించి, కంకర దన్ను పెట్టి కట్టిపడేస్తాం. సాగలేక, ముడుచుకోలేక ఆ బలమంతా పట్టాలోనే అణిగి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం పట్టా మెలిక తిరుగుతుందేమోనని, జనవరి తెల్లవారుజామున అతుకు తెగుతుందేమోనని మాకు భయం. అందుకే ఎండాకాలం పగలు పెట్రోలింగు, చలికాలం, వానాకాలం రాత్రి పెట్రోలింగు. ఊరంతా దుప్పట్లో ఉన్నప్పుడు ఒక మనిషి దీపం పట్టుకుని కంకర మీద నడుస్తూ ఉంటాడు.

నేను పాలిటెక్నిక్ డిప్లొమాతో 1988లో చేరాను. నేను నేర్చుకున్న అజమాయిషీ అంటే తప్పు పట్టుకోవడమే. ట్రాలీ ఎక్కి బయల్దేరడం, అనుమానం వచ్చిన చోట దిగడం, గేజి పెట్టి చూడటం, తేడా ఉంటే మేస్త్రీని నలుగురిలో నిలబెట్టి తిట్టడం, మెమో రాయడం. మా పైవాళ్లు మమ్మల్ని అలాగే చూశారు, మేమూ అలాగే చూశాం. పట్టా బాగున్న చోట నా ట్రాలీ ఆగేదే కాదు. అంటే బాగా పనిచేసిన గ్యాంగుకు నేను ఎప్పుడూ ఎదురుపడలేదు. పనిలో లోపమున్న గ్యాంగుకే నా ముఖం బాగా తెలుసు. ఇదేం పద్ధతని అప్పుడు నాకు తోచలేదు.

ఆ జనవరి సాయంత్రం కీమన్ ఆఫీసు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. “అయ్యా, చిన్న వంతెన దాటినాక మూడో అతుకు గొంతు మారింది” అన్నాడు. సుత్తితో తడితే గంటలా పలకాల్సింది మొద్దుగా పలుకుతోందట. నేను రిజిస్టరు తీశాను. నెల కిందటే అల్ట్రాసోనిక్ మిషనుతో పరీక్ష చేసిన అతుకు. బాగుందని రాసి ఉంది. “మిషను చూసింది పెద్దాయనా. నీ చెవి కన్నా అది నయం. రేపు ట్రాలీ మీద వచ్చి చూస్తాలే” అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. గుమ్మం పక్కన విడిచిన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

తెల్లవారుజామున నాలుగు దాటాక స్టేషను నుంచి కబురొచ్చింది. రాత్రి పెట్రోల్‌మన్ చేతిదీపం వెలుగులో పట్టా మీద అడ్డంగా సన్నటి నల్లగీత చూశాడు. వంగి చూస్తే బొటనవేలు దూరేంత సందు. ఆ అతుకే. దీపం ఎర్రకు తిప్పి, రైలొచ్చే వైపు పరుగెత్తాడు. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటనేటరు, 1,200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో ముప్ఫై మీటర్లు దాటుతుంది, బ్రేకేసిన చోటే ఆగదు. అందుకే అంత దూరం. చలిలో, చీకట్లో, కాలు పెట్టిన చోటల్లా జారే కంకర మీద కిలోమీటరుకు పైగా పరుగెత్తడం ఎలా ఉంటుందో పరుగెత్తినవాడికే తెలుస్తుంది. వస్తున్నది గూడ్సు. చక్రాల కింద డిటనేటర్లు పేలిన చప్పుళ్లు వినగానే డ్రైవరు బ్రేకేశాడు. సందుకు దూరంగానే బండి ఆగింది.

మేం పోయి వంపు ఫిష్‌ప్లేట్లు పెట్టి, క్లాంపులు బిగించి, బండిని నడక వేగంతో దాటించాం. తెల్లారింది. పెట్రోల్‌మన్ పేరు అవార్డుకు రాస్తామని డివిజన్ నుంచి ఫోనొచ్చింది. రాయాల్సిందే, అతను చేసింది అంత పని. కీమన్ కొంచెం దూరంలో కంకర కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. నేను వెళ్లి గ్యాంగంతా వినేలా చెప్పాను: “తప్పు నాది. మీరు చెప్పారు, నేను వినలేదు.” అంతకుముందు ఆయన్ని ‘నువ్వు’ అనేవాణ్ణి. ఆ పొద్దున ‘మీరు’ వచ్చింది, ఆ తర్వాత పోలేదు.

ఆయన లేచి నిలబడ్డాడు. “పట్టా విరిగింది చూసినోడికి అవార్డిస్తారయ్యా, మంచిదే, బండిని కాపాడాడు. నా మాట వినలేదని నాకు కోపం లేదు. నేనడిగేది ఇంకోటి. నిన్నటిదాకా పదకొండేళ్లు నా బీటులో ఏమీ జరగలేదయ్యా. ఆ సంగతి ఎవరికన్నా తెలుసా?”

ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. తెలిసే ఏర్పాటే లేదు.

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. తాపీ మేస్త్రీ సాయంత్రానికి లేచిన గోడ చూసుకుంటాడు. రైతు కళ్లంలో రాశి చూసుకుంటాడు. వంట చేసిన తల్లి ఖాళీ అయిన కంచాలు చూసుకుంటుంది. గ్యాంగ్‌మన్ ఏం చూసుకోవాలి? అతని పని ఫలితం ఒక ప్రమాదం జరగకపోవడం. జరగనిదానికి ఫోటో ఉండదు, లెక్క ఉండదు, పేపర్లో వార్త రాదు. రైలు దడదడా పోతుంది, దుమ్ము లేస్తుంది, అతను మళ్లీ గునపం అందుకుంటాడు. పదేళ్లు, ఇరవై ఏళ్లు ఇంతే అయితే చేతులు పని చేస్తుంటాయి, మనసు మాత్రం ఎటో పోతుంది. మనసు పెట్టకుండా తట్టిన సుత్తికి అతుకు గొంతు మారిన సంగతి తెలియదు. అప్పుడు అర్థమైంది నాకు: వాళ్ల పనికి అర్థం నేను కొత్తగా తెచ్చి ఇచ్చేది కాదు. అది ఆ పనిలోనే ఉంది. దాన్ని వాళ్ల కంటికి కనబడనివ్వకుండా చేస్తున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

మర్నాడు రెండు వందల పేజీల పొడుగు నోట్‌బుక్కు కొని గ్యాంగు టూల్ రూములో పెట్టాను. ఇది ఆఫీసు రిజిస్టరు కాదని, ఇందులో రాసింది చూసి ఎవరికీ మెమో ఇవ్వనని మాటిచ్చాను. రోజూ పని దిగాక, ఈ రోజు ఏం చూశాం, ఏం సరిచేశాం అన్నది రాయాలి. రాయడం రానివాళ్లు చెబితే మేస్త్రీ రాయాలి. వారానికోసారి నేనొచ్చి గ్యాంగు ముందు అదంతా పైకి చదవాలి. నియమాలు ఇవే.

మొదటి వారం రాతలు ఇలా ఉన్నాయి: వంతెన దగ్గర పదకొండు క్లిప్పులు వదులు, బిగించాను. బండ్ల బాట దగ్గర కంకర జారింది, ఎత్తిపోశాం. గేదె కళేబరం తీసి పూడ్చాం. నేను చదువుతుంటే మొదట్లో తలలు దించుకుని విన్నారు, తర్వాత ఎవరి రాత వస్తే వాళ్లు నా వైపు చూడటం మొదలైంది. రెండో వారం కీమన్ పేజీలో ఒకరోజు ఖాళీగా ఉంది. “ఏం లేదయ్యా, అన్నీ బాగున్నాయి. ఏం రాయించమంటారు?” అన్నాడు. “అదే రాయించండి. ఆ రోజు ఎన్ని రైళ్లు దాటాయో స్టేషన్‌లో అడిగి అదీ రాయించండి” అన్నాను. మరుసటి వారం చదివాను: “ఏమీ జరగలేదు. రైళ్లు 46.” ఎవరో మెల్లగా “నలభై ఆరా!” అన్నారు. రోజూ పక్కకు జరిగి దారిచ్చేవాళ్లే, కానీ ఎప్పుడూ ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ తర్వాత ఆ పుస్తకంలో అందరూ ఎక్కువగా ఎదురుచూసిన వాక్యం అదే అయింది.

రెండో మార్పు నాలో రావాల్సింది. కీమన్‌కు ఒక అతుకు మీద అనుమానం వచ్చిందంటే ఆ రోజే వెళ్లి చూడాలని నాకు నేనే కట్టుబాటు పెట్టుకున్నాను. చాలాసార్లు వెళ్లి చూస్తే అక్కడ ఏమీ ఉండేది కాదు. ఎండలో ఆరు కిలోమీటర్లు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజులు ఎన్నో. కానీ “ఊరికే తిప్పావు” అన్న మాట నోటివెంట రానివ్వలేదు. ఒక్కసారి ఎత్తిపొడిస్తే ఆ మనిషి మళ్లీ గుమ్మం దాకా రాడు, రాకపోతే తెగే అతుకు సంగతి నాకు చెప్పేవాడుండడు. మనిషి మాటకు విలువ ఉందని ఉపన్యాసమిస్తే నమ్మడు. ఆ మాట విని నువ్వు లేచి బయల్దేరితే నమ్ముతాడు.

వాళ్లకు తెలిసినవి నాకు తెలియవని ఇంకోసారి గట్టిగా తెలిసొచ్చింది. 2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర, వరదకు చెరువు తెగి రైలుకట్ట కొట్టుకుపోయిన చోట డెల్టా ఫాస్ట్ ప్యాసింజరు పడిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. నేను పనిచేసిన సెక్షను కాదది. అయినా ఆ వారమంతా మా గ్యాంగుల్లో ఎవరికీ ముద్ద దిగలేదు. మన నేల మీద రైలుకట్టలు చాలాచోట్ల చెరువుల మధ్య నుంచి పోతాయి. పైన ఏ చెరువుంది, అలుగు ఎటు పారుతుంది అన్నవి నా దగ్గర జాబితాలో ఉన్నాయి. జాబితాలో లేనివి గ్యాంగు దగ్గరున్నాయి. సుద్దముక్క ఇచ్చి టూల్ రూము గచ్చు మీద గీయమన్నాను. చిన్నప్పుడు గొడ్లు కాసినవాళ్లు, చేపలు పట్టినవాళ్లు, పైర్లు తడిపినవాళ్లు కూర్చుని గీశారు. ఏ కుంట కట్ట ఎలుక బొరియలతో గుల్లబారిందో, ఏ వాగుకు వాన వెలిసిన రెండు గంటలకు నీళ్లొస్తాయో చెప్పారు. అదంతా పేజీ మీదికి దించుకుని, వానాకాలం పెట్రోలింగు ఎవరు ఎక్కడ ఎంతసేపు ఆగాలో వాళ్లతోనే ఖాయం చేయించాను. ఆ ఏడాది నుంచి వాన రాత్రి డ్యూటీ వేస్తే సణగడం తగ్గింది. తను వేసిన పథకం ప్రకారం తనే కాపలా కాస్తున్నప్పుడు మనిషి నడకే వేరుగా ఉంటుంది.

2019 వచ్చేసరికి గ్యాంగుల్లోకి కొత్తతరం దిగింది. లెవెల్ వన్ ఉద్యోగం, మూల వేతనం 18,000. ఆ పరీక్షలకు దేశమంతా కోటి మందికి పైగా దరఖాస్తు చేశారు. అలా నెగ్గి వచ్చినవాళ్లలో డిగ్రీలవాళ్లు, బీటెక్‌లవాళ్లు ఉన్నారు. మా గ్యాంగులోకి వచ్చిన ఒక కుర్రాడు మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. ఇంట్లో ‘రైల్వేలో టెక్నికల్ జాబ్’ అని చెప్పాడట. మధ్యాహ్నం అందరూ వేపచెట్టు కింద బాక్సులు విప్పితే తను దూరంగా కూర్చునేవాడు. ఊరివాళ్లు వెళ్లే బండి వస్తుంటే ముఖం అటు తిప్పుకునేవాడు. ఒకరోజు గమేళా కింద పెట్టి అడిగేశాడు: “సార్, నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి కంకర మోస్తున్నాను. దీనికి నేనెందుకు సార్?”

కొత్త బ్యాచ్ చేరిన రోజు నేను ఒక ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను. రైల్వే దేశానికి జీవనాడి, మీరు దానికి రక్తకణాలు అని. అందరూ నేల చూపులు చూశారు. నాలుక కొసన ఉన్న గొప్ప మాటలు ఎండలో చెమట కారుస్తున్న మనిషికి అక్కరకు రావని ఆ చూపులే చెప్పాయి. అందుకని ఈసారి జవాబు చెప్పలేదు. మర్నాడు ఓఎంఎస్ కాగితం తెచ్చి అతని చేతిలో పెట్టాను. నడిచే రైలు పెట్టెలో ఒక చిన్న మిషను పెడితే అది ఏ కిలోమీటరు దగ్గర ఎంత కుదుపు వచ్చిందో నమోదు చేస్తుంది. దాన్నే ఓఎంఎస్ అంటాం. ఆ ఫలితం ఏళ్ల తరబడి ఆఫీసర్ల దగ్గరికి, నా దగ్గరికి మాత్రమే వచ్చేది. ఎవరి చేతులు ఆ పట్టాను సరిచేశాయో వాళ్లకు ఎవరూ చూపించేవారు కాదు.

కుర్రాడు కాగితం చూడగానే “ఇది యాక్సిలరోమీటర్ కదా సార్” అన్నాడు. కాలేజీ ల్యాబులో చూశాడట. వేలితో గీత వెంట పోయి ఒక చోట ఆగాడు. “ఇక్కడ పెద్ద కుదుపుంది. ఇది మన లెవెల్ క్రాసింగు అవతల కదా.” మేస్త్రీ వంగి చూశాడు. “అక్కడ కింద మట్టి మెత్తన, వానకు దిగుతా ఉంటది” అన్నాడు. చదువుకున్న కుర్రాడు గీత చదివాడు, ఆయన నేలను చదివాడు. బండ్లు రాకుండా బ్లాకు తీసుకుని రెండు రోజులు అక్కడే పట్టా ఎత్తి, కంకర ప్యాకింగు చేశారు. నెల తిరిగాక కొత్త కాగితం వచ్చింది. కుర్రాడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. పాతదాంట్లో లేచిన గీత కొత్తదాంట్లో లేదు. ఆ రోజు వేపచెట్టు కింద అందరితో కూర్చుని తిన్నాడు.

తర్వాతి ఆదివారం ఆరుగురిని వెంటబెట్టుకుని ఒక ఎక్స్‌ప్రెస్ చివరి పెట్టెలో ఎక్కాను. ఏళ్లుగా ఆ లైను మీద బతుకుతున్నారు కానీ తమ బీటు మీదుగా పోతున్నప్పుడు రైల్లో కూర్చుని దాన్ని గమనించినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. స్టీలు గ్లాసు నిండా అంచుదాకా నీళ్లు పోసి కింద పెట్టాం. పక్క గ్యాంగు పొడుగులో నీళ్లు రెండుసార్లు తొణికాయి. మా పొడుగు మొదలైంది. నీటి మీద సన్నటి వణుకు, అంతే. ఎవరూ ఊపిరి తీయడం లేదు. అప్పుడు కుర్రాడు నా మోచేయి తట్టి పక్క వరస చూపించాడు. రెండు బెర్తుల మధ్య చీర ఉయ్యాల కట్టి ఉంది. లోపల పసిబిడ్డ నిద్రపోతోంది. తల్లి కూడా కిటికీకి తల ఆనించి కునుకు తీస్తోంది. ఉయ్యాల ఒకే తూగులో మెల్లగా ఊగుతోంది. లెవెల్ క్రాసింగు దాటాం. కుదుపు ఉండాల్సిన చోటు అదే. ఉయ్యాల తూగు మారలేదు, బిడ్డ కదల్లేదు. మేస్త్రీ వంగి గ్లాసు తీసుకుని ఆ నీళ్లు గటగటా తాగేశాడు. నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే పాడయ్యేది.

రిటైరయ్యాక తీరికగా చదువుకుంటుంటే ఒక పరిశోధన కంటబడింది. ఏమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 2001లో రాసిన వ్యాసంలో ఆస్పత్రి పారిశుధ్య కార్మికుల సంగతి ఉంది. ఒకే ఆస్పత్రి, ఒకే ఉద్యోగం. కొందరు చెప్పిన గదులు తుడిచి వెళ్లిపోయేవారు. కొందరు రోగులతో, వాళ్ల కోసం వచ్చిన బంధువులతో మాట్లాడుతూ, తమ పని రోగి కోలుకోవడంలో భాగమనుకుని చేసేవారు. అది చదువుతుంటే మా కీమన్ గుర్తొచ్చాడు. ఆయన్ని అతుకుల గొంతులు వినమని ఎవరూ ఆర్డరు వేయలేదు. తన పనిని ఆయనే పెంచుకున్నాడు. ఆ పెంచుకున్న భాగాన్నే నేను ఆ సాయంత్రం మిషను పేరు చెప్పి కొట్టిపారేశాను. పైనున్నవాడు ముందుగా చేయాల్సింది అలాంటిదాన్ని తొక్కేయకుండా ఉండటం.

ఇక్కడొక హెచ్చరిక కూడా చెప్పాలి. పని గొప్పది, నీ వల్లే రైళ్లు నడుస్తున్నాయి అంటూ మనిషికి ఇవ్వాల్సింది ఎగ్గొడితే అది దగా. కాలికి సరైన బూటు లేనివాడికి, చెల్లెలి పెళ్లికి సెలవు దొరకనివాడికి, వరసగా రాత్రి డ్యూటీలు పడ్డవాడికి ఏ ఉయ్యాల చూపించినా వాడి కళ్లకు ఆనదు. అందుకని సెలవుల వరస నెల మొదటి రోజున గోడ మీద అంటించేవాణ్ణి, నా ఇష్టం వచ్చినట్టు మార్చేవాణ్ణి కాదు. చలికాలం పెట్రోలింగు ఒకరికే మళ్లీ మళ్లీ పడకుండా చూసేవాణ్ణి. అర్థం లేని పనులు తీసేయడం కూడా ఇందులో భాగమే. తొలి రోజుల్లో ఒక గ్యాంగ్‌మన్ చేత మా ఇంటికి గ్యాస్ సిలిండరు మోయించాను. మా ఆవిడ ఆయనకు మజ్జిగ ఇస్తుంటే, గడప అవతలే నిలబడి తాగాడు. పట్టాను కాపాడే మనిషిని నా ఇంటి కూలీగా వాడుకున్న రోజున, నీ పని విలువైనదని చెప్పే హక్కు నాకు పోయింది. ఆ అలవాటు మానుకున్నాకే ఆ హక్కు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది.

పెట్రోల్‌మన్లకు జీపీఎస్ పరికరాలు ఇచ్చినప్పుడు కుర్రాళ్లు, “మమ్మల్ని నమ్మక మెడలో గంట కడుతున్నారు సార్” అన్నారు. తెర మీద చుక్క కదులుతూ ఉంటే మనిషి నడుస్తున్నట్టు. చుక్క ఆగితే? నేనొక పద్ధతి పెట్టుకున్నాను. చుక్క పది నిమిషాలు కదలకపోతే ఫోన్ చేసి మొదట అడిగే మాట “ఏం బాబూ, బాగున్నావా?”. “ఎందుకాగావు?” అని అడగకూడదు. ఒక రాత్రి ఆ ప్రశ్నకు, “కాలు మెలికపడింది సార్, చెబితే డ్యూటీ ఎగ్గొట్టాననుకుంటారని ఊరుకున్నా” అని జవాబొచ్చింది. మనిషిని పంపి తీసుకొచ్చాం. అదే పరికరం. అది మెడకు కట్టిన గంటవుతుందో, చీకట్లో తోడవుతుందో, ఇవతల కూర్చున్నవాడి మొదటి మాటను బట్టి ఉంటుంది.

అందరికీ ఆ పనిలో అర్థం దొరికిందని చెప్పను. ఒకబ్బాయి ఏడాది తిరక్కుండా పరీక్ష రాసి వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. పుస్తకాలు కొనుక్కోవడానికి నేనే డబ్బు సర్దాను, వెళ్లేరోజు స్వీట్లు పంచాం. ఉన్నన్నాళ్లు క్లిప్పులు సరిగ్గా బిగించాడు, అంతకన్నా ఏం కావాలి? మనిషిని కట్టేసుకోవడానికి అర్థాన్ని పలుపుతాడులా వాడకూడదు.

ఆ కీమన్ 2001లో రిటైరయ్యాడు. నేను అప్పటికి వేరే సెక్షనుకు మారాను, అయినా వీడ్కోలుకు వెళ్లాను. ముందురోజు కూర్చుని లెక్క వేశాను. రోజుకు పన్నెండు కిలోమీటర్లు, ఏడాదికి మూడొందల రోజులు, పంతొమ్మిదేళ్లు. 68 వేల కిలోమీటర్లకు పైగా. భూమి చుట్టుకొలత 40 వేలు. “మన పెద్దాయన సుత్తి పట్టుకుని భూమిని ఒకటిన్నర చుట్లకు పైగా తిరిగొచ్చాడు” అని సభలో చెప్పాను. శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు. అందరూ లేచాక ఆయన నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు: “అయ్యా, ఆ పుస్తకాల్లో నా పేజీలు జిరాక్సు తీయించి ఇస్తారా? నాకు చదవడం రాదు. మనవరాలు చదువుద్ది, వింటా.”

అప్పటికి ఐదు పుస్తకాలు నిండాయి. అన్నీ తీయించి, దారంతో కుట్టించి, అట్ట వేయించి ఇచ్చాను. తర్వాత ఒకసారి ఆ ఊరు వెళ్లినప్పుడు ఆయన ఇంటి అరుగు మీద కూర్చున్నాను. మూడో తరగతి చదివే పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది: “ఏ-మీ జ-ర-గ-లే-దు. రైళ్లు న-ల-భై ఆరు.” ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. ఆయన ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు అదే.

ఈ సంక్రాంతికి మా బీటెక్ కుర్రాడు ఫోన్ చేశాడు. ఇప్పుడు కీమన్ డ్యూటీ చేస్తున్నాడు. పండక్కి ఊళ్లకు పోయే జనం కోసం స్పెషల్ బండ్లు వేయడంతో సెలవు దొరకలేదన్నాడు. “పెట్టెల్లో ఇసకేస్తే రాలనంత జనం సార్. అందరూ మన మీదుగానే పోయారు. మొత్తం 71 బండ్లు.”

“మరి బీటులో?” అన్నాను.

“ఏమీ జరగలేదు సార్.”

“పుస్తకంలో రాశావా?”

“రాసి, ఆ తర్వాతే మీకు ఫోన్ చేశాను.”